కీబోర్డు వదిలి కుడి సీట్లోకి: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ముప్పై నాలుగేళ్ళ వయసులో కోడింగ్ మానేసి టెక్సాస్‌లో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ అయ్యానని పోయిన నెల ఇక్కడే రాశా కదా, అప్పట్నించి ఉత్తరాలు ఆగట్లేదు. ఎక్కువ మంది అడుగుతున్నది ఒకటే, మేమూ మానేయమంటారా అని. మూడు ఉత్తరాలకి ఈసారి జవాబు రాస్తున్నా.

ప్రశ్న: సార్ నమస్తే. మాది గుంటూరు, పదకొండేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాం. నాకు 37. హెచ్1బీ మీద ఉన్నా, ఐ140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది, గ్రీన్‌కార్డు మా మనవళ్ళ టైముకి వస్తుందేమో. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, 110 గంటలు ఎగిరా. జాబ్ మీద విసుగొచ్చేసింది, మానేసి ఇన్‌స్ట్రక్టర్ అయిపోదామనుంది. మా ఆవిడకి హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వర్క్ పర్మిట్) మీద ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు గడుస్తుంది. మీరేమంటారు?

జవాబు: రిజైన్ లెటర్ టైప్ చేసి పెట్టుకుని ఉంటే ముందు అది డిలీట్ చేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

హెచ్1బీ అంటే ఆ కంపెనీకి, ఆ ఉద్యోగానికి ఇచ్చిన పర్మిషన్. సాయంత్రాలు ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చి గంటకింత అని తీసుకోవడానికి అది పనికిరాదు. పోనీ ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళే హెచ్1బీ వేస్తారా అంటే, ఆ వీసా డిగ్రీ తప్పనిసరి అయ్యే ఉద్యోగాలకి, ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌కి డిగ్రీ అక్కర్లేదు, కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. ఫ్రీగా నేర్పిస్తా సార్ అని ఇంకొకాయన రాశారు, మామూలుగా జీతం ఇచ్చే పని ఊరికే చేసినా ఇమిగ్రేషన్ వాళ్ళకి అది పనే అవ్వొచ్చు, లాయర్‌ని అడక్కుండా వద్దు. రేపు ఐ485, అంటే గ్రీన్‌కార్డు చివరి అప్లికేషన్, వేసి ఈఏడీ చేతికొచ్చినా, మీ గ్రీన్‌కార్డు నడుస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద, దాన్ని పూర్తిగా వదిలి విమానం ఎక్కితే ఫైల్‌కే ఎసరు. వీకెండ్స్‌లో పార్ట్ టైమ్‌గా నేర్పడం వేరు, అసలు ఉద్యోగం మానేయడం వేరు.

ఇందులో తమాషా ఏంటంటే మీ ఇంట్లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసే పర్మిషన్ ఉన్నది మీ ఆవిడకి. హెచ్4 ఈఏడీ ఏ ఉద్యోగానికైనా చెల్లుతుంది. ఆవిడకి విమానాలంటే ఇష్టం ఉందో లేదో మీరు రాయలేదు.

నేర్చుకోడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, వీకెండ్స్ ట్రైనింగ్ తీసుకోవచ్చు. విదేశీయులు ఇక్కడ ఎగరడం నేర్చుకోవాలంటే కావాల్సిన టీఎస్ఏ సెక్యూరిటీ క్లియరెన్స్ ప్రైవేట్ లైసెన్స్ అప్పుడే తీసుకుని ఉంటారు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి ఎగరడానికి) మొదలుపెట్టే ముందు అది ఇంకా చెల్లుతుందో లేదో స్కూల్లో చూపించుకోండి. వరస ఇది, ముందు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, తర్వాత కమర్షియల్ (డబ్బు తీసుకుని ఎగరడానికి), ఆ తర్వాతే ఇన్‌స్ట్రక్టర్. పార్ట్ 61 అనే రూల్స్ కింద నడిచే మామూలు స్కూల్లో కమర్షియల్‌కి మొత్తం 250 గంటలు కావాలి, అంటే మీకింకా 140. సెస్నా 172 అద్దె గంటకి 170 డాలర్లు అనుకుంటే ఒక్క అద్దే 24 వేలు దగ్గరకొస్తుంది, పైన మీ ఇన్‌స్ట్రక్టర్ ఫీజు, మూడు చెక్‌రైడ్లకి, అంటే ఎగిరి చూపించే పరీక్షలకి, ఎగ్జామినర్ ఫీజు, తప్పితే మళ్ళీ ఫీజు. 35 నుంచి 40 వేలు పక్కన పెట్టుకోండి, క్రెడిట్ కార్డు మీద మాత్రం వద్దు.

ఇన్‌స్ట్రక్టర్‌కి రాతపరీక్షలు రెండు. ఒకటి విమానం గురించి, మీకు సగం తెలిసిందే. రెండోది అసలు నేర్పడం ఎలాగ అన్నదాని మీద, దాన్ని ఎఫ్ఓఐ అంటారు. అందరూ దాన్ని బట్టీ పట్టి పాసై మర్చిపోతారు, నేనూ అంతే, అది ఎంత పొరపాటో మొదటి స్టూడెంట్ దొరికాక తెలిసింది. మనిషి మొదటిసారి ఎలా నేర్చుకుంటే అదే పాతుకుపోతుందని అందులో ఒక సూత్రం ఉంది. నా మొదటి స్టూడెంట్‌కి నేను చూపించిన టర్న్‌లో రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే కాలి పెడల్) సరిగ్గా తొక్కలేదు, ఆయనా అలాగే నేర్చుకున్నాడు, దాన్ని వదిలించడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఆయనకి డబ్బులు పట్టాయి.

ఇక ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే కుడి సీటు సంగతి, ఎందుకంటే చాలామంది జడిసేది ఇక్కడే. ఇన్నాళ్ళూ ఎడమ సీట్లో కూర్చుని ఎడం చేత్తో యోక్ (విమానం స్టీరింగ్), కుడి చేత్తో థ్రాటిల్ (ఇంజన్ పవర్) అలవాటైన మనిషి ఒక్కసారిగా చేతులు మార్చుకోవాలి. స్పీడ్ చూపించే మీటర్ అవతలి చివర ఉంటుంది, ఏటవాలుగా చూస్తే ముల్లు రెండు మూడు నాట్లు తప్పు చూపిస్తుంది. రన్‌వే సెంటర్‌లైన్ కూడా వేరే చోట ఉన్నట్టనిపించి మొదటి వారం లాండింగ్‌లన్నీ పక్కకి పోతాయి. పైగా ఎగురుతూనే మాట్లాడాలి, చేసేది చెప్పాలి, చెప్పింది చేయాలి. స్పిన్ ట్రైనింగ్ కూడా తప్పదు, ముక్కు కిందకి పెట్టి విమానం గిర్రున తిరుగుతుంటే పవర్ తీసేయ్, ఐలెరాన్లు (రెక్కల చివర కదిలే పలకలు) మధ్యలో పెట్టు, ఎదురు రడ్డర్ తొక్కు, యోక్ ముందుకి అని నోటితో చెప్తూ చేయాలి. నాకు మొదటిసారి నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

అయితే ఇవన్నీ నెలలో వచ్చేస్తాయి. రానిది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. స్టూడెంట్ ఫ్లేర్, అంటే నేల తాకే ముందు ముక్కు పైకెత్తడం, మరీ ఎత్తులోనే మొదలుపెట్టాడు, విమానం తేలుతోంది, స్పీడ్ పడిపోతోంది, మీకు తెలుస్తోంది, అతనికి తెలియట్లేదు. ఇప్పుడే యోక్ పట్టుకుంటే లాండింగ్ బాగుంటుంది కానీ అతనికి ఏమీ రాదు, ఇంకో రెండు సెకన్లు ఆగితే అతనే చూసుకుని దిద్దుకోవచ్చు, మూడు ఆగితే నోస్‌గేర్, అంటే ముందు చక్రం, పోవచ్చు. ఆ రెండుకీ మూడుకీ మధ్య తేడా తెలిసిన వాడికే ఆ జీతం. నేను మొదట్లో ప్రతిసారీ లాగేసుకునేవాణ్ణి. మా సీనియర్ ఒకాయన చూసి, నువ్వు బాగా దించుతున్నావయ్యా, మరి డబ్బులు కడుతున్నది ఎవరు అన్నాడు. మీ టీమ్‌లో జూనియర్ కోడ్ రాస్తుంటే కీబోర్డు లాక్కునే అలవాటుందేమో ఒకసారి చూసుకోండి, ఉంటే ఈ పనిలో రోజూ నరకమే.

డబ్బు. మా స్కూల్లో జీతం ఇంజన్ తిరుగుతున్నప్పుడే, గ్రౌండ్ మీద పాఠం చెప్తే కొంత, ఖాళీగా కూర్చుంటే సున్నా. రోజుకి ఎనిమిది గంటలకి మించి గాల్లో నేర్పకూడదని రూలుంది, నాకు ఆ రూలుతో పని పడిందే తక్కువ. గంటకి 35 డాలర్లు, వారానికి ఇరవై గంటలు అనుకోండి, 700. జనవరిలో కింద మబ్బులు, మే నెలలో మధ్యాహ్నం ఉరుములు, ఆ వారాలకి అదీ లేదు. ఎయిర్‌లైన్‌కి పోదామనుకునేవాళ్ళు అక్కడ అడిగే 1500 గంటల దాకా దీన్ని భరిస్తారు. 2009లో బఫెలో దగ్గర విమానం కూలి 50 మంది పోయాక కాంగ్రెస్ చట్టం చేస్తే వచ్చిన రూలది, విచిత్రమేంటంటే ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1500 కంటే ఎక్కువే ఉన్నాయి. మీకు ఎయిర్‌లైన్ మీద కన్నుందో లేదో రాయలేదు. గంటల కోసమే అయితే ఆ సంగతి మీ స్టూడెంట్‌కి మూడో పాఠానికే తెలిసిపోతుంది, అతను వేరే ఇన్‌స్ట్రక్టర్‌ని చూసుకుంటాడు.

కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ ఇన్‌స్ట్రుమెంట్, కమర్షియల్ అవగొట్టండి, రెండు మూడేళ్ళు పడుతుంది, పట్టనివ్వండి. ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కూడా తీసిపెట్టుకోండి, పనిచేసే పర్మిషన్ వచ్చిన రోజున వాడదాం.

ప్రశ్న: ఆస్టిన్ దగ్గర పబ్లిక్ స్కూల్లో ఎనిమిదో క్లాసుకి మ్యాథ్స్ చెప్తున్నాను, సిటిజన్‌ని, వయసు 46. మొన్నే సోలో చేశాను, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగిరాను. ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే లేటైపోయిందా అండీ?

జవాబు: సోలోకి కంగ్రాట్స్ మేడమ్. చొక్కా వెనక ముక్క కత్తిరించారా? ఇక్కడ ఆనవాయితీ అది, వెనకటికి ముందొకరు వెనకొకరు కూర్చునే విమానాల్లో ఇన్‌స్ట్రక్టర్ స్టూడెంట్ చొక్కా పట్టి లాగి చెప్పేవాడట, ఇక లాగక్కర్లేదని దాన్ని కోసేస్తారు. ఇన్‌స్ట్రక్టర్‌కి పైవయసు పరిమితి లేదు, 65 అన్నది ఎయిర్‌లైన్‌కి. పాఠం చెప్పడానికి థర్డ్ క్లాస్ మెడికల్ సరిపోతుంది. ఇంకో మంచి మాట, ఏడో క్లాసు లేదా ఆపైన చెప్పడానికి స్టేట్ ఇచ్చిన టీచర్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉంటే పైన చెప్పానే ఆ ఎఫ్ఓఐ, ఆ పరీక్ష మీకు రాయక్కర్లేదు. ఇన్నాళ్ళూ పిల్లల చేతికి పెన్సిల్ ఇచ్చి వాళ్ళు తప్పు చేసేదాకా ఆగిన మనిషి మీరు, మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అది నేర్చుకోడానికే ఏళ్ళు పట్టింది. సెలవుల్లో గంటలు పెంచుకోండి.

ప్రశ్న: అన్నా, కూకట్‌పల్లి నుంచి. వయసు 26, ఇంటర్ ఎంపీసీ, బీటెక్. ఇండియాలోనే ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలి. అకాడమీ వాళ్ళు ఈ నెలలో అడ్వాన్స్ కట్టమంటున్నారు, కట్టేయనా?

జవాబు: కట్టకు తమ్ముడూ, మెడికల్ అయ్యేదాకా రూపాయి కట్టకు. ముందు క్లాస్ 2, అది పాసైతే క్లాస్ 1, కలర్ విజన్, ఈసీజీ లాంటివి తేలేది అక్కడే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి కాబట్టి ఆ గొడవ నీకు లేదు. కమర్షియల్‌కి డీజీసీఏ (ఇండియాలో పైలట్ లైసెన్సులిచ్చే సంస్థ) అడిగేది 200 గంటలు, అందులో 100 నువ్వే కమాండ్‌లో. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు, ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి, రేడియోలో మాట్లాడే లైసెన్స్ ఆర్‌టీఆర్ వేరే. వీటిని ఇంట్లో కూర్చుని ముందే రాసేసుకోవచ్చు, ఉద్యోగం చేసుకుంటూనే. అమెరికాలో గంటలు కొట్టుకొచ్చినా ఇండియాలో మళ్ళీ పేపర్లు రాసి లైసెన్స్ మార్చుకోవాలి, అది లెక్కేసుకో.

కమర్షియల్ వచ్చాక ముందు ఏఎఫ్ఐఆర్, అంటే అసిస్టెంట్‌గా పైన ఇంకో ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో నేర్పాలి, ఆ అనుభవం మీద ఎఫ్ఐఆర్, అంటే పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. మా బాబాయికి ఫోన్లో నాకూ ఇండియాలో ఎఫ్ఐఆర్ కావాలి అంటే ఏ స్టేషన్లోరా అని కంగారు పడ్డాడు పాపం. మొత్తానికి యాభై లక్షల అటూ ఇటూ అవుతుంది, విమానం రిపేర్లో ఉండి, ఇన్‌స్ట్రక్టర్ లేక నెలలు సాగిన స్కూళ్ళున్నాయి, అందుకని అడ్వాన్స్ అడిగేవాళ్ళని ఎగిరే కండిషన్లో ఎన్ని విమానాలున్నాయి, పోయిన బ్యాచ్ వాళ్ళు 200 గంటలు ఎన్నాళ్ళకి పూర్తిచేశారు అని అడుగు, వాళ్ళ ఆఫీసులో కాదు, బయట టీ కొట్టు దగ్గర ఉన్న స్టూడెంట్లని. క్లాస్ 2 అయ్యాక రిజల్ట్ ఏంటో రాయి, మిగతాది అప్పుడు చూద్దాం.