10 × 22 షట్టర్‌లో స్టూడియో: 60 వేలల్లో లైట్లు ఎలా కొనాలి?

బ్రదర్, హనుమకొండలో 10 అడుగుల వెడల్పు, 22 అడుగుల లోతు ఉన్న షట్టర్ కిరాయికి తీసుకున్నానని, పాస్‌పోర్ట్ ఫోటోలతో పాటు పిల్లల ఫోటోలు, ఫ్యామిలీ ఫోటోలు తీస్తానని, లైట్లకు 60 వేలు పక్కన పెట్టుకున్నానని రాశారు. మూడు ఎల్ఈడీల కిట్టు తీసుకోవాలా, ఫ్లాష్‌లకు పోవాలా అన్నది మీ ప్రశ్న. నేను కాజీపేటలో ఇంచుమించు అంతే సైజు షట్టర్‌లో స్టూడియో నడుపుతున్నాను కాబట్టి ఆ గది ఎట్లుంటదో తెలుసు. ఒక మంచి ఫ్లాష్, దానికి పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె), రెండో లైటుగా ఒక స్పీడ్‌లైట్ (బ్యాటరీతో నడిచే చిన్న ఫ్లాష్) తీసుకోండి. కిట్టు వద్దు. ఆ వెడల్పులో మూడు స్టాండ్లు పెడితే గిరాకీ నిలబడటానికే చోటు ఉండదు.

లైట్ల సంగతికి ముందు టేపు పట్టుకుని గది కొలవండి. మీది క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) కెమెరా అయితే, 50 ఎంఎం లెన్స్‌తో మనిషి నిలువెత్తు ఫోటో రావాలంటే మనిషికీ కెమెరాకీ మధ్య దాదాపు 14 అడుగులు కావాలి. నీడ వెనక గోడ మీద పడకుండా మనిషిని గోడకు 4, 5 అడుగులు ముందుకు నిలబెట్టాలి. మీరు నిలబడటానికి ఇంకో రెండు అడుగులు. అక్కడికే 21 అయిపోయింది. అంటే కౌంటరు, కంప్యూటరు, ప్రింటరు అన్నీ ఒక పక్క గోడకు ఆనించుకోవాల్సిందే. బ్యాక్‌గ్రౌండ్ పేపర్ రోల్ పెద్దది 2.72 మీటర్లు ఉంటుంది, మీ గది 3.05 మీటర్లు. రెండు వైపులా స్టాండ్ల కాళ్లు పట్టవు, గోడకు కొక్కేలు కొట్టించి పైప్ మీద వేలాడదీయండి. ఇంకో మాట, పీఓపీ సీలింగ్ చేయించకండి. చూడటానికి బాగుంటుంది కానీ ఒక అడుగు ఎత్తు పోతుంది. లైటును తల కంటే పైకి ఎత్తి కిందికి వంచాలంటే ఆ అడుగే అవసరం పడుతుంది.

గోడలకు పిస్తా రంగో, గులాబీ రంగో ఉంటే సామాన్లు దింపకముందే తెల్ల రంగు వేయించండి. చిన్న గదిలో వెలుతురు గోడలకు తగిలి తిరిగొస్తుంది, వచ్చేటప్పుడు ఆ గోడ రంగును మోసుకొచ్చి బుగ్గ మీద పడేస్తుంది. ఎంత ఖరీదైన లైటు కొన్నా దీన్ని ఆపలేదు, ఎడిటింగ్‌లో సరిచేయడమూ కష్టమే. రంగు డబ్బాల ఖర్చును కూడా లైట్ల బడ్జెట్‌లోనే రాసుకోండి, నిజానికి అది లైటింగ్ ఖర్చే.

ఇక ఎల్ఈడీనా, ఫ్లాషా? కిట్టులో వచ్చే ఒక్కో ఎల్ఈడీ 60 వాట్లు అనుకుందాం. కెమెరా షట్టర్ 1/125 సెకను తెరుచుకుంటే, ఆ లోపు అది వాడే కరెంటు అర వాట్-సెకండ్ (వాట్లను సెకన్లతో గుణించిన లెక్క) కూడా కాదు. 400 వాట్-సెకండ్ల ఫ్లాష్‌ను 1/16కి తగ్గించినా 25 వాట్-సెకండ్లు వస్తాయి. కరెంటును వెలుతురుగా మార్చడంలో ఎల్ఈడీ మెరుగే, అయినా ఇంత తేడా పూడదు. అందుకే ఎల్ఈడీతో తీస్తే ఐఎస్ఓ (వెలుతురును పట్టే కెమెరా సున్నితత్వం) పెంచుకుంటూ పోవాలి, షట్టర్ స్పీడ్ తగ్గించాలి. పెద్దవాళ్లు కదలకుండా కూర్చుంటారు, నడుస్తుంది. తొట్టెల ఫంక్షన్ అయిన పసిపిల్లలు, బడికి పోయే పిల్లలు ఒక్క క్షణం ఆగరు. ఫ్లాష్ వెలిగేది సెకనులో వందో వంతు కంటే తక్కువ సేపే కాబట్టి ఆ కదలిక అక్కడికక్కడే ఆగిపోతుంది. పిల్లల ఫోటోలే మీ ముఖ్యమైన పని అయితే ఇక ఆలోచించేది లేదు.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. శారీ ఫంక్షన్‌కో, పెళ్లి కుదిరినప్పుడో మంచి పట్టుచీర కట్టుకుని స్టూడియోకు వస్తారు. ఆ కుంకుమ ఎరుపు ప్రింటులో ఇటుక రంగులా వస్తే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది, నొచ్చుకోవాలి కూడా. ఫ్లాష్ వెలుతురు పగటి వెలుతురుకు దగ్గరగా, సుమారు 5600 కెల్విన్ దగ్గర ఉంటుంది, అందులో రంగులన్నీ ఉంటాయి. చౌక ఎల్ఈడీల్లో ఎరుపు బలహీనంగా ఉంటుంది. డబ్బా మీద సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 అని ఉందని మురిసిపోకండి. ఆ అంకె 8 లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో లెక్కకే రాదు. దాన్ని ఆర్9 అని వేరేగా ఇస్తారు. ఆర్9 ఎంతో చెప్పని ఎల్ఈడీని పట్టుచీరల మీద వాడకండి. ఫ్లాష్‌తో తీసేటప్పుడు కూడా గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేయడం అలవాటు చేసుకోండి.

బట్టల షాపులకు రీల్స్, ప్రొడక్ట్ వీడియోలు తీసే పని మొదలైతే అప్పుడు ఒక ఎల్ఈడీ తీసుకోండి. వీడియోకు అదే దిక్కు. ఇప్పుడే వద్దు.

ఫ్లాష్‌లో చూడాల్సినవి మూడు. ఒకటి, ముందు భాగం బోవెన్స్ మౌంట్ (సాఫ్ట్‌బాక్స్ తగిలించే ఒక రకం బిగింపు) అయి ఉండాలి. అప్పుడు చాలా కంపెనీల సాఫ్ట్‌బాక్స్‌లు, సెకండ్‌హ్యాండ్‌వి అయినా పడతాయి. రెండు, రేడియో రిసీవర్ లోపలే ఉండాలి. గోడాక్స్ ఎస్‌కే400 రెండో మోడల్‌లో ఈ రెండూ ఉన్నాయి, అదే కంపెనీ టీటీ600 స్పీడ్‌లైట్ కూడా అదే ట్రిగ్గర్‌తో (కెమెరా మీద పెట్టి లైట్లను వెలిగించే రిమోట్‌తో) పనిచేస్తుంది. వేరే కంపెనీది తీసుకున్నా పర్లేదు కానీ రెండు లైట్లూ ఒకే ట్రిగ్గర్ మాట వినాలి. ట్రిగ్గర్ మాత్రం మీ కెమెరాకు తగ్గదే కావాలి, కానన్‌ది సోనీకి సరిగా పనిచేయదు. మూడు, పవర్ ఎంత వరకు తగ్గుతుందో చూడండి. చిన్న గదిలో పవర్ పెంచే అవసరం కంటే తగ్గించే అవసరమే ఎక్కువగా వస్తుంది.

అయితే 400 వాట్-సెకండ్లు ఎందుకంటే, ఫ్యామిలీ ఫోటోల కోసం. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. సాఫ్ట్‌బాక్స్ 3 అడుగుల దూరంలో పెడితే దగ్గర కూర్చున్న తాతయ్య ముఖం తెల్లగా వెలిగిపోతుంది, 6 అడుగుల దూరంలో ఉన్న కోడలు నల్లగా వస్తుంది. లైటును దగ్గరివాళ్లకు 8 అడుగుల దూరం ఉండేలా వెనక్కి జరిపితే, లైటు నుంచి 11 అడుగుల దగ్గర ఉన్నవాళ్లకు కూడా సగానికి పైగా అందుతుంది, ఆ తేడాను సరిచేసుకోవచ్చు. కానీ 3 అడుగుల దగ్గర ఉన్నంత వెలుతురు 8 అడుగుల దగ్గర రావాలంటే పవర్ ఏడు రెట్లు కావాలి. పెద్ద ఫ్లాష్ అవసరం ఇక్కడే. గ్రూప్ ఫోటోకు సాఫ్ట్‌బాక్స్ తీసేసి తెల్ల గొడుగు పెట్టండి. గొడుగు వెలుతురును నలుదిక్కులా చల్లుతుంది, తెల్ల గోడలున్న చిన్న గదిలో అది గ్రూప్‌కు మేలే. ఒక్క మనిషి పోర్ట్రెయిట్‌కు మాత్రం అదే చెరుపు, ముఖంలో లోతు లేకుండా చదునుగా వస్తుంది.

సాఫ్ట్‌బాక్స్ దగ్గర పిసినారితనం వద్దు. ముఖం మీద వెలుతురు మెత్తగా పడటం అనేది లైటు ఖరీదును బట్టి కాదు, లైటు ముందున్న వెలిగే తెర ఎంత పెద్దది, మనిషికి ఎంత దగ్గరుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 120 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్), లోపల ఒక తెర, బయట ఒక తెర, ముందు గ్రిడ్ (గళ్ల గుడ్డ) ఉన్నది తీసుకోండి. గ్రిడ్ ఉంటే వెలుతురు గోడలకు పోకుండా మనిషి మీదే ఉంటుంది. రెండో వైపు రిఫ్లెక్టర్‌గా తెల్ల థర్మాకోల్ షీటు చాలు. ముఖానికి ఒక పక్క నీడ కావాలంటే అదే షీటు మీద నల్ల గుడ్డ కప్పండి. ఈ రెండూ కలిపి కొన్ని వందల్లో అయిపోతాయి, నా స్టూడియోలో రోజూ వాడేది ఇవే.

పాస్‌పోర్ట్ సైజు ఫోటోకు ఇదే ఆక్టాబాక్స్‌ను కెమెరా పైన మధ్యలో ఎత్తి, గడ్డం కింద తెల్ల షీటు పట్టిస్తే చాలు. స్పీడ్‌లైట్‌ను మనిషి వీపు వెనక దాచి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీదికి తిప్పండి. 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోలో చెవుల పక్క నీడ లేకుండా వస్తుంది, కంప్యూటర్‌లో కత్తిరించే పని తప్పుతుంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు అప్లికేషన్ చివరి తేదీన గుంపుగా వస్తారు, అప్పుడు ఈ సెటప్ కదపకుండా వరసగా తీసుకుంటూ పోవచ్చు. స్పీడ్‌లైట్ బ్యాటరీది కాబట్టి లగ్గాల సీజన్‌లో ఫంక్షన్ హాల్‌కు కూడా వెంట తీసుకుపోవచ్చు.

పైసల లెక్క ఇట్లా వేసుకోండి. 60 వేలలో సగం ఫ్లాష్, స్పీడ్‌లైట్, ట్రిగ్గర్‌కు. 12, 13 వేలు ఆక్టాబాక్స్, గొడుగు, బ్యాక్‌గ్రౌండ్‌కు. 8 వేల దాకా బలమైన స్టాండ్లకు. పిల్లలు పరుగెత్తే చోట సన్న స్టాండ్ పెట్టడం ప్రమాదం, ప్రతి స్టాండ్ కాలు మీద ఇసుక సంచి ఉండాలి. మిగిలింది గోడల రంగుకు, కరెంటు పనికి దాచండి. ధరలు మారుతుంటాయి కాబట్టి హైదరాబాద్ కోఠికి పోయి రెండు మూడు షాపుల్లో అడిగి, ఆన్‌లైన్ ధరతో పోల్చుకుని, జీఎస్టీ బిల్లు ఉన్నచోటే కొనండి. బిల్లు లేకపోతే వారంటీ కూడా లేనట్టే.

కరెంటు సంగతి చాలామంది మర్చిపోతారు. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ మళ్లీ ఛార్జ్ అయ్యేందుకు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ప్రింటరుతో కలిపి పెట్టకుండా ఫ్లాష్‌కు గోడ ప్లగ్ వేరుగా ఇవ్వండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంటికి వాడే మామూలు ఇన్వర్టర్ మీద ఈ ఫ్లాష్ నడపకండి. కరెంటు పోయినప్పుడు స్పీడ్‌లైట్‌కే సాఫ్ట్‌బాక్స్ తగిలించి పని కానివ్వొచ్చు, దానికి ఎస్ టైప్ బ్రాకెట్ (స్పీడ్‌లైట్‌ను సాఫ్ట్‌బాక్స్‌కు బిగించే పట్టీ) ఒకటి తెచ్చుకోండి. ఫ్లాష్ చెడిపోతే మూత మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

సెకండ్‌హ్యాండ్ కూడా మంచి దారే, ముఖ్యంగా ఆషాఢంలో, మూఢాల్లో పని లేక కొందరు సామాను అమ్ముకుంటారు. లైటు ముందున్న గాజు ట్యూబ్ చూడండి, చివర్లు నల్లబడి ఉంటే చాలా వాడినట్టు. ఫ్యాన్ తిరుగుతుందా, మోడలింగ్ ల్యాంప్ (వెలుతురు ఎక్కడ పడుతుందో ముందే చూపించే చిన్న బల్బు) వెలుగుతుందా చూడండి. తర్వాత ఫుల్ పవర్‌లో, ప్రతిసారీ రెడీ లైటు వెలిగేదాకా ఆగి, ఒకే తెల్ల గోడ మీద 10 ఫోటోలు తీయండి. మొదటి ఫోటోకూ చివరి ఫోటోకూ వెలుతురులో తేడా కనిపిస్తే, ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోకండి.