ఫోనులో పాత హాలీవుడ్, వ్యాసంలో సాంకేతికతకు శాపనార్థాలు

ప్రశ్న: మేడమ్, నేను గాజువాకలో పదో తరగతి చదువుతున్నాను. పాత హాలీవుడ్ సినిమాలంటే నాకు ప్రాణం, ముఖ్యంగా నలుపు తెలుపువి. మా క్లాసులో రీల్స్, గేమ్స్ తప్ప ఇంకో మాట ఉండదు. సాంకేతికత మనుషుల్ని పాడుచేసిందని నా గట్టి అభిప్రాయం. ‘సాంకేతికత: వరమా, శాపమా’ అని స్కూల్లో వ్యాసరచన పోటీ పెడితే శాపమని రాసి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ‘ఫోనులో సినిమాలు చూస్తూ ఫోనునే తిడతావా’ అని ఏడిపిస్తున్నారు. మధ్యాహ్నం భోజనానికి ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఆ కాలంలోనే పుట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అర్ధరాత్రి దాకా సినిమాలు చూస్తున్నానని నాన్న ఫోను లాక్కున్నారు. స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ ఆయనది. ‘ఆ ఇంగ్లీషు సినిమాలు నీకు కూడు పెడతాయా’ అంటారు. ఈసారి లెక్కల్లో మార్కులు కూడా తగ్గాయి. తప్పు నాదా, వాళ్లదా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ఏడిపించేవాళ్ల సంగతి చూద్దాం తల్లీ. వాళ్లు అన్న తీరు బాగాలేదు, అన్న మాటలో మాత్రం పస ఉంది. నువ్వు ప్రాణంగా చూసుకునే ఆ సినిమాలు కూడా యంత్రాలు, దీపాలు, రసాయనాలు కలిస్తే పుట్టినవే. ఆనాటికి అదీ కొత్త సాంకేతికతే. 1927 తర్వాత తెరకు మాట వచ్చింది. దాంతో హాళ్లలో తెర ముందు కూర్చుని వాయించే వాద్యకారుల ఉద్యోగాలు పోయాయి. సినిమా పాడైపోయిందని అప్పుడూ నీలాగే బాధపడినవాళ్లు ఉన్నారు. చాప్లిన్ అయితే 1931లో కూడా సంభాషణలు లేని సినిమానే తీశాడు. అలాగని కొత్త పరికరాన్ని గిరాటు వేయలేదు. తాను కట్టిన సంగీతాన్ని అదే సౌండ్ ట్రాక్ మీద ఎక్కించాడు. తనకు కావలసింది తీసుకుని, అక్కర్లేనిది వదిలేశాడు. నీ వ్యాసంలో ఇలాంటి మాట ఒక్కటైనా ఉంటే వాళ్లకు ఏడిపించే సందు దొరికేది కాదు. అయినా ఆ పోటీ పెట్టినవాళ్లను కూడా ఒక మాట అనాలి. వరమా, శాపమా అంటూ ఏళ్ల తరబడి పిల్లల చేత అదే వ్యాసం రాయిస్తున్నారు. రెండూ కాదని రాసిన పిల్లకు బహుమతి ఎలాగూ రాదు.

హెడీ లామార్‌ను నువ్వు చూసే ఉంటావు. ఆ అందాల తార, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి 1942లో ఒక పేటెంటు పొందింది. రేడియో సంకేతాలతో నడిచే టార్పెడోను, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధాన్ని, శత్రువు దారి తప్పించకుండా, ఆ సంకేతం ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరో ఫ్రీక్వెన్సీకి గెంతుతూ ఉండాలన్నది ఆలోచన. పియానోకు 88 మెట్లున్నట్టే అందులో 88 ఫ్రీక్వెన్సీలు పెట్టారు. అమెరికా నౌకాదళం అప్పట్లో దాన్ని పక్కన పడేసింది. ఈనాటి బ్లూటూత్ సరాసరి ఆ పేటెంటు నుంచే వచ్చిందనడం అతిశయోక్తి, కానీ గెంతడమనే సూత్రం రెండింటికీ ఒకటే. ఈసారి బీచ్ రోడ్డుకు వెళ్తే కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి ఆ టార్పెడో గొట్టాల ముందు కాసేపు నిలబడు. నీ పాత హాలీవుడ్‌కూ నువ్వు తిట్టిన సాంకేతికతకూ మధ్య నువ్వు అనుకున్నంత దూరం లేదు.

ఇక ఆ కాలంలో పుట్టి ఉంటే అన్నావు. 1940లో హాటీ మెక్‌డేనియల్‌కు ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి నటి ఆమె. ఆ వేడుకలో ఆమెను తోటి నటులతో కలిపి కూర్చోబెట్టలేదు, గోడ పక్కన వేరే బల్ల వేశారు. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని డబ్బా విప్పుకునే నీకు ఆ బల్ల సంగతి నేను విడమరచి చెప్పక్కర్లేదు. సినిమాలను ప్రేమించు, ఆ కాలానికి మాత్రం హారతులు పట్టకు.

అయితే నీ ఒంటరితనానికి పూర్తి బాధ్యత వాళ్లదేనా? ఉత్తరం మళ్లీ చదివాను. క్లాసులో అందరి గురించీ ఒక తీర్పు ఉంది, ఒక్కరి పేరు కూడా లేదు. నీకు నచ్చినవి గొప్పవి, వాళ్లకు నచ్చినవి చెత్త అని వాళ్లకు అర్థమైపోయి ఉంటుంది. మనల్ని తూకం వేసి తక్కువ తేల్చినవాళ్ల పక్కన కూర్చుని అన్నం తినాలని ఎవరికి ఉంటుంది?

ఒక పని చేసి చూడు. 1928 నాటి ఒక సినిమాలో హాస్యనటుడు బస్టర్ కీటన్ మీదికి ఇంటి ముందు గోడ నిలువునా కూలుతుంది. పైఅంతస్తు కిటికీ తెరిచి ఉండే చోటు సరిగ్గా అతని మీదికి రావడంతో బతికిపోతాడు. అది నిజమైన గోడ, నిజమైన మనిషి. దృశ్యం నిమిషం కూడా ఉండదు, అంటే వాళ్లు చూసే రీల్స్ కంటే పెద్దదేమీ కాదు. నోటు పుస్తకం చివరి పేజీలో గోడ, కిటికీ గీసి పక్కనున్న అమ్మాయికి చూపించు. ‘గోడ మొదలు దగ్గర మడతపడి ఇటువైపు పడుతుంది. మనిషి ఎక్కడ నిలబడితే బతుకుతాడు’ అని అడుగు. కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, గోడ నుంచి అంత దూరంలో నిలబడాలి. జవాబు ఆమెనే చెప్పనివ్వు. తర్వాత ఆమె ఆడే గేమ్ గురించి అడుగు, మధ్యలో అడ్డుపడకుండా విను. అందరితో స్నేహం అక్కర్లేదు, ఒక్కరు చాలు. అయినా ఏడిపించడం ఆగకపోతే, లేదా ఉదయం స్కూలుకు వెళ్లాలంటేనే భయం వేస్తుంటే, క్లాసు టీచరుకు చెప్పు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మీ నాన్నగారి మాట కటువుగానే ఉంది. కానీ ఆయన కోపం సినిమా మీద అనుకోను. పబ్లిక్ పరీక్షల ఏడాది కూతురు అర్ధరాత్రి దాకా మేలుకుంటోందని ఆయన బెంగ. నీ వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అది చాలక మర్నాడు లెక్కల పీరియడ్‌లో జోగితే చాప్లిన్ వచ్చి ఆదుకోడు. ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఉదయం ఈ చర్చ పెట్టకు. వీక్లీ ఆఫ్ రోజు, భోజనాలయ్యాక, మార్కుల కాగితం నువ్వే తీసుకెళ్లి ముందు పెట్టు. పరీక్షలయ్యాక వారానికి ఒక సినిమా, హాల్లో టీవీలో, అందరి ముందూ చూస్తానని చెప్పు. జగదాంబ జంక్షన్‌కు ఆ పేరు తెచ్చిన సినిమా హాల్లో కుర్రతనంలో ఆయన ఏయే ఇంగ్లీషు సినిమాలు చూశారో కూడా అడుగు. ఆయన దగ్గర పెద్ద జాబితానే ఉండవచ్చు.

ఇంత పొడుగు ఉత్తరంలో లెక్కలకు నువ్వు ఇచ్చింది ఒకే వాక్యం, అది కూడా చిట్టచివర. నాకు ఎక్కువ కంగారు అక్కడే. రేపు జవాబు పత్రం తీసుకుని లెక్కల టీచర్ దగ్గరకు వెళ్లు. ఏ పాఠంలో తప్పులు వస్తున్నాయో ఆయన చేతనే గుర్తు పెట్టించుకో. ఫోను మాత్రం పబ్లిక్ పరీక్షలు ముగిసేదాకా నాన్న దగ్గరే ఉండనీ, మధ్యలో అడగకు.