చంద్రగ్రహణం చూడొచ్చా, సైంటిస్టుల మాట ఎందుకు నమ్మాలి?

మీరు అడిగినవి రెండు. చంద్రగ్రహణం బయటికొచ్చి చూస్తే ఏమైనా అవుతుందా అన్నది ఒకటి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో కచ్చితంగా చెప్పలేని సైంటిస్టులు గ్రహణం విషయంలో ఏమీ కాదంటే ఎందుకు నమ్మాలి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే. ఏమీ కాదండి, మామూలు కళ్లతో ఎంతసేపైనా చూడొచ్చు, అద్దాలూ ఫిల్టర్లూ ఏమీ అక్కర్లేదు. సూర్యగ్రహణం అలా కాదు, దాన్ని నేరుగా చూస్తే కంటి లోపలి పొర దెబ్బతింటుంది. ఆ మాట గట్టిగా చెప్పేదీ సైంటిస్టులే. అంటే వాళ్లు పెద్దవాళ్లు వద్దన్న ప్రతిదాన్నీ కాదనడానికి కూర్చోలేదు.

రెండోది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. నాకూ అదే అనుమానం ఉండేది కాబట్టి చూసింది చెబుతాను.

మాది కోనసీమ, ముమ్మిడివరం వైపు, రొయ్యల చెరువులు చేస్తాం. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు గుల్ల విడుస్తాయని మా దగ్గర రైతులందరికీ ఒక లెక్క ఉంటుంది, ఆ రాత్రుళ్లు ఆక్సిజన్ ఎక్కడ పడిపోతుందోనని ఏరియేటర్లు ఆపకుండా తిప్పుతూ గట్టు మీదే ఉంటాం. చంద్రగ్రహణం వచ్చేది పౌర్ణమికే కాబట్టి 2025 సెప్టెంబర్ 7 రాత్రి ఊరంతా తలుపులు వేసుకుంటే మేం చెరువు దగ్గరే ఉన్నాం. గుళ్లు అప్పటికే మూసేశారు, ఇంట్లో అమ్మ చీకటి పడకముందే అందరికీ అన్నాలు పెట్టేసి పచ్చడి జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు వేసింది.

రాత్రి 9:57కి పట్టు, 11:01కి సంపూర్ణం, 12:23కి సంపూర్ణం పూర్తి, 1:26కి విడుపు అని ముందే ప్రకటించారు. నేను ఫోన్‌లో టైమ్ పెట్టుకుని కూర్చున్నాను. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటాక ఎడమ పక్క కాస్త మసక కమ్మినట్టు అనిపించింది కానీ అది భూమి పల్చటి నీడ, దాన్ని గ్రహణంగా లెక్కపెట్టరు. పది అవుతుండగా ఎడమ అంచు నల్లబడటం మొదలైంది. సెకండ్లతో సహా పట్టుకోలేం, నీడ అంచు గీత గీసినట్టు ఉండదు కాబట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, అయినా చెప్పిన సమయానికే మొదలైందనడంలో నాకు అనుమానం మిగల్లేదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. చంద్రుడు మొత్తం నీడలోకి వెళ్లడానికి గంటకి కాస్త పైన పట్టింది కదా, ఎందుకంత అని గట్టు మీదే లెక్క వేసుకున్నాను. చంద్రుడి అడ్డుకొలత సుమారు 3,470 కిలోమీటర్లు. తన దారిలో గంటకి దాదాపు 3,600 కిలోమీటర్లు కదులుతాడు. అంటే తన వెడల్పంత దూరం జరగడానికి గంట. నీడ కూడా అదే వైపు మెల్లగా జరుగుతూ ఉంటుంది కాబట్టి, చంద్రుడు నీడలోకి కాస్త ఏటవాలుగా వెళ్తాడు కాబట్టి ఇంకొన్ని నిమిషాలు. లెక్క సరిపోయింది! ఎవరో చెప్పిన అంకె నా కళ్ల ముందు, నాకొచ్చిన గుణకారంతో సరిపోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తే తప్ప తెలియదు. పదకొండు దాటాక చంద్రుడు పూర్తిగా మాయం కాలేదు, పాత రాగి చెంబు రంగులోకి తిరిగాడు. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యుడి వెలుగులో నీలాన్ని చెదరగొట్టేసి, ఎరుపుని వంచి నీడలోకి పంపుతుంది. ఆ క్షణాన ప్రపంచంలో ఎక్కడెక్కడ సూర్యోదయం, సూర్యాస్తమయం అవుతున్నాయో ఆ వెలుగంతా చంద్రుడి మీద పడుతుందన్నమాట.

పక్క చెరువు బాబాయ్ కూడా మాతోపాటే ఉన్నారు. "ఒరేయ్ అబ్బాయ్, ఈ టైములన్నీ మన పంచాంగంలో ఎప్పుడో రాశారు, సైంటిస్టులు కొత్తగా చెప్పిందేముంది?" అన్నారు. ఆయన మాటలో సగం నిజం ఉంది. గ్రహణానికి కారణం భూమి నీడ అని ఆర్యభటుడు 499లోనే రాశాడు. ఇప్పటి దృక్ పంచాంగాలు, అంటే ఆకాశంలో కనబడేదానితో సరిపోయేలా లెక్క వేసే పంచాంగాలు, వాడే లెక్కలూ ఖగోళ శాస్త్రం లెక్కలూ ఒకటే. 1950లలో భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ కమిటీ కూర్చున్నాక కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రీయ పంచాంగం వేయిస్తోంది, దాన్ని తయారుచేసేది కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్. కాబట్టి సమయం దగ్గర పంచాంగానికీ సైంటిస్టుకీ తగువు లేదు.

తగువు ఎక్కడంటే, అదే పేజీలో కింద ఫలానా రాశి వాళ్లు చూడకూడదు, గర్భిణులు కదలకూడదు అని ఉంటుంది చూడండి, అక్కడ. పైన ఉన్న సమయాన్ని మనం ప్రతిసారీ గడియారంతో సరిచూడగలం. కింద ఉన్నదాన్ని ఎవరు సరిచూశారు? పై అంకె నిజమైంది కదా అని కింది మాటనీ నమ్మేస్తున్నాం. రోకలి సంగతీ అంతే. ఆ రాత్రి మా వీధిలో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణం వల్లే నిలబడిందని వాట్సాప్‌లో ఫొటోలు పెట్టారు. మర్నాడు పొద్దున అదే రోకలిని అదే పళ్లెంలో నిలబెట్టాను. అడుగున ఇనప పొన్ను చదునుగా ఉంది, ఓపిగ్గా చెయ్యి వదిలితే ఏ రోజైనా నిలబడుతుంది.

మా ఇంట్లో అసలు టెన్షన్ తమ్ముడి భార్య గురించి. అప్పటికి ఏడో నెల. బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని అమ్మ భయం, అది ప్రేమతో వచ్చిన భయం కాబట్టి దాన్ని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. ముందు చూపించుకున్న డాక్టరు "ఎందుకొచ్చిన గొడవ, ఆ పూట పడుకుంటే పోలా" అని తేల్చేశారు. అలా అనడం నాకు నచ్చలేదు. తెలిసినవాళ్లే తప్పుకుంటే భయం అలాగే ఉండిపోతుంది కదా. తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ మాత్రం అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు: కడుపులో బిడ్డకి పై పెదవి కలిసేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి తొమ్మిదో వారానికల్లా. ఏడో నెలలో పెదవి ఎప్పుడో తయారైపోయి ఉంటుంది, ఇప్పుడు కొత్తగా చీలదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మందిలో ఒక బిడ్డకి ఇది వస్తుంది, గ్రహణం పట్టింపే లేని దేశాల్లో కూడా. వచ్చినా ఆపరేషన్‌తో సరిచేస్తారు. అమ్మ అంతా విని "ఆయ్, సరేనండి" అంది. రాత్రి పదకొండింటికి కోడలు అరుగు మీద కుర్చీలో కూర్చుని చూసింది. అమ్మ బయటికి రాలేదు కానీ ఆపలేదు. బిడ్డ బాగా పుట్టాడు. ఒక్క బిడ్డ బాగా పుట్టడం రుజువు అని మాత్రం నేను అనను. రుజువు డాక్టరమ్మ చెప్పిన వారాల లెక్కలో ఉంది.

ఇక మీ తుపాను. గ్రహణానికి లెక్కలోకి వచ్చేవి సూర్యుడు, భూమి, చంద్రుడు, వాటి మధ్య ఆకర్షణ. దారికి అడ్డం గాలి లేదు, తేమ లేదు. తుపానుకి సముద్రం వేడి, పై గాలులు, తేమ అన్నీ గంట గంటకీ మారతాయి, ఇవాళ చిన్న తేడా రెండ్రోజుల్లో పెద్దదవుతుంది. అందుకే వాతావరణ శాఖ ఒక గీత గీసి ఊరుకోకుండా ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే దారి చూపిస్తుంది. మొంథా తుపాను విషయంలో మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ చుట్టుపక్కల దాటుతుందన్నారు. 2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర దాటింది. కాకినాడకీ నరసాపురానికీ మధ్య వంద కిలోమీటర్లు కూడా లేవు, చెప్పిన తీరంలోనే, చెప్పిన రాత్రే. దీన్ని తప్పు అనడం నాకు అన్యాయం అనిపిస్తుంది. 1996 నవంబర్ 6 తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టం అయ్యాయి. అది చూసిన మా పెద్దవాళ్లు ఇప్పుడు హెచ్చరిక రాగానే మూట కట్టుకునేవాళ్లలో ముందుంటారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అంటే లంకల్లో ఎవరూ వాదన పెట్టుకోరు, పడవ సిద్ధం చేసుకుంటారు. ఎందుకంటే ఆ అంకె పెరిగాక నీళ్లు తమ వాకిట్లోకి రావడం ప్రతి ఏడూ చూశారు. సైంటిస్టుల మీద నమ్మకం కూడా అలా వస్తేనే నిలబడుతుందని నా ఉద్దేశం. టీవీలో కోటు వేసుకుని చెప్పినంత మాత్రాన నమ్మొద్దు, సైంటిస్టు అయినా సరే. చెప్పింది తప్పయితే నాకు ఎలా తెలుస్తుంది అని అడగండి. జవాబు ఉన్నవాళ్ల మాట వినండి.

మీరు స్వయంగా సరిచూసుకోవాలంటే మనకి బాగా కనబడే సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి ఉంది. నడిమి ఘట్టం మన టైమ్ ప్రకారం సుమారు 10:22కి, సంపూర్ణం దాదాపు 70 నిమిషాలు ఉంటుంది. శీతాకాలం కాబట్టి మబ్బుల బెడదా తక్కువే. కొత్త సంవత్సరం కేకు కోసం పిల్లలు ఎలాగూ మేలుకునే ఉంటారు, డాబా మీదికి తీసుకెళ్లి గడియారం వాళ్ల చేతికే ఇవ్వండి.