అమ్మవారు పోసిందంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం వైపు, తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోయిన వారం పిల్లల ఓపీలో ఒక అవ్వ ఆటలమ్మతో ఉన్న మనవణ్ణి తెచ్చింది. "అమ్మవారు పోసింది, మాత్రలేస్తే అమ్మకు కోపమొస్తుంది" అంది. ఇది వైరస్ వల్ల వస్తుంది, అమ్మవారనడం మూఢనమ్మకం అని అందరి ముందూ అనేశాను. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నేను చెప్పింది తప్పా?

జవాబు: ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుందన్న నీ మాట తప్పు కాదు తల్లీ. కానీ ఆ మాటతో బిడ్డ మన చెయ్యి దాటిపోయాడు, నాకు బాధ అక్కడే.

ఏటా గంగమ్మ జాతరకు ఊరంతా కదిలే తిరుపతిలో ఉన్నావు. అవ్వకు అది జబ్బు కాదు, తల్లి ఇంటికి రావడం. అందుకే తాళింపు పెట్టరు, వేపాకు పరుస్తారు, బిడ్డను వేరే గదిలో ఉంచుతారు, మజ్జిగన్నం, కొబ్బరినీళ్లు ఇస్తారు. వీటిలో బిడ్డకు చెరుపు చేసేది ఏముంది చెప్పు? వేరే గదిలో ఉంచమని మనమూ చెబుతాం కదా.

ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా డాక్టరు 1978లోనే రోగిని ఇలా అడగమన్నాడు: ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దీని గురించి మీకు ఎక్కువ భయం దేనికి? వీటికి నేను ఇంకొకటి కలుపుతాను, ఇంట్లో ఇప్పటిదాకా ఏం చేశారు, ఏం మందేశారు అని. ఆటలమ్మ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ప్రమాదం, ఇంట్లో అది వేశారో లేదో అడగకపోతే మనకెలా తెలుస్తుంది? ఆ తర్వాత "అమ్మకు చేసేది చేయండవ్వా, జ్వరానికి ఈ సిరప్ పోయండి, ఆయాసపడినా, మగతగా పడున్నా, నీళ్లు తాగకపోయినా రాత్రైనా సరే తీసుకురండి" అను. నువ్వు నమ్మనక్కర్లేదు, నమ్మినట్టు నటించనూ వద్దు.

అలాగని ఇక్కడికి వచ్చేవాళ్లంతా ఇంతే అనుకోవద్దు, అదీ తప్పే. నగరి, సత్యవేడు వైపు నుంచి తమిళం మాట్లాడేవాళ్లు వస్తారు, మదనపల్లె నుంచి ఉర్దూ మాట్లాడేవాళ్లొస్తారు, పక్క పక్క ఇళ్లలోనే పద్ధతులు వేరు. భాష రాకపోతే వాళ్ల చిన్నపిల్లల చేత చెప్పించకు, వార్డులో ఆ భాష వచ్చిన పెద్దవాళ్లను పిలువు.

అవ్వ ఓపీ చీటీలో ఊరి పేరు ఉంటుంది. మీ మేడమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ ఊరి ఆశా కార్యకర్తతో బిడ్డ ఎలా ఉన్నాడో ఈ రోజే కనుక్కోమను.