కోర్ వార్: డ్వార్ఫ్ ఒంటరిగా ఉన్నా ఎందుకు చనిపోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చిన్న ప్రోగ్రాములు ఒకే మెమరీలో వంతులవారీగా నడుస్తూ ఒకదాన్నొకటి చంపడానికి చూసే కోర్ వార్ అనే ఆట కోసం పైథాన్‌లో సొంతంగా సిమ్యులేటర్ రాశారు. 8,191 గడుల మెమరీలో డ్వార్ఫ్ అనే ప్రోగ్రామును ఒంటరిగా వదిలినా కాసేపటికి చనిపోతోంది. ఇంప్ అనే మరో ప్రోగ్రాముతో తలపడితే నాలుగింట మూడు ఆటలు డ్రా అవుతున్నాయి. తప్పు సిమ్యులేటర్‌దా, ఆట తీరే అంతా?

కడపలో ఒక ఇంజినీరింగ్ కళాశాల ల్యాబులో ఏటా రెండో సంవత్సరం పిల్లలతో ఈ ఆట ఆడిస్తుంటాను. ఈ రెండు సందేహాలూ ఏటా వస్తాయి. మీరు చెప్పినదాన్ని బట్టి సిమ్యులేటర్ సరిగానే నడుస్తోంది. మార్చాల్సింది ఆ 8,191ని.

డ్వార్ఫ్‌లో ఉన్నవి నాలుగే ఆదేశాలు: యాడ్ #4, 3, మూవ్ 2, @2, జంప్ -2, చివర డాట్ 0, 0. యాడ్ కూడుతుంది, మూవ్ కాపీ చేస్తుంది, జంప్ దూకుతుంది. డాట్ వట్టి డేటా, దాన్ని అమలు చేసిన ప్రోగ్రాము చస్తుంది. అంకెలు ఆ ఆదేశం నుంచి లెక్కించే దూరాలు; # ఉంటే ఆ అంకె విలువే, @ ఉంటే ఆ గడిలోని రెండో విలువ చూపే చోటు. డ్వార్ఫ్ తన డాట్‌ను వేరే గడుల్లోకి కాపీ చేస్తుంటుంది, అవే బాంబులు. వాటికి 0 నుంచి 3 వరకు నంబర్లు వేసి కాగితం మీద నడిపి చూడండి. మొదటి బాంబు 7వ గడిలో పడుతుంది, ఆ తర్వాత 11, 15, 19. ఈ ఆటకు 1994లో రాసిన ముసాయిదా నియమాలతో ఆడేవాళ్లు సాధారణంగా 8,000 గడులు పెడతారు. అది నాలుగుతో నిశ్శేషంగా భాగమవుతుంది కనుక (మెమరీ వలయంలా చివర నుంచి మళ్లీ మొదటికి కలుస్తుంది) చుట్టు తిరిగి వచ్చిన బాంబు సరిగ్గా 3వ గడిలో పడుతుంది. అక్కడ ఉన్నది డాటే, నష్టమేమీ లేదు. మీ 8,191లో లెక్క తప్పి, 2,047వ బాంబు 0వ గడిలో, యాడ్ నెత్తిన పడుతుంది. వెంటనే జంప్ అక్కడికే వెళ్లి డాట్‌ను అమలు చేస్తుంది, కథ ముగుస్తుంది. 8,000 పెట్టండి, 8,192 అయినా ఫరవాలేదు.

ఇక ఇంప్. దానికున్నది ఒకే ఆదేశం, మూవ్ 0, 1. తనను తాను ముందు గడిలోకి కాపీ చేసుకుంటూ వంతుకొక గడి చొప్పున నడుస్తుంది. తెర మీద కంటే మా వరండాలో పిల్లలకు ఇది త్వరగా బోధపడుతుంది. నేల మీద సుద్దతో గడులు గీస్తాం, ఒక అమ్మాయి ఇంప్‌గా నడుస్తుంది, ఒక అబ్బాయి డాట్ అని రాసిన చీటీలు వేస్తాడు. (బాంబులనగానే “కడపే కదా సార్” అని వెనక నుంచి ఎవరో ఒకరు అంటారు. సినిమాల పుణ్యం.) ఇంప్ వెనక పడ్డ చీటీ దండగ. ముందు పడ్డదీ దండగే, ఎందుకంటే ఇంప్ ఆ గడిలోకి తనను కాపీ చేసుకున్నాకే అడుగు పెడుతుంది. ఇంప్ ఇప్పుడు అమలు చేయబోయే గడిలోనే బాంబు పడాలి.

డ్వార్ఫ్ మూడు వంతులకు ఒక బాంబు వేస్తుంది, ఆ బాంబు నాలుగు గడులు ముందుకు జరుగుతుంది. ఈలోగా ఇంప్ నడిచేది మూడు గడులు. అంటే బాంబు ప్రతిసారీ ఒక్కో గడి దగ్గరవుతుంది, సమయం ఉంటే తప్పకుండా తగులుతుంది. ఆ సమయం దొరకాలంటే ఇంప్ డ్వార్ఫ్‌కు ముందువైపు, మెమరీలో పావు వంతు దూరంలోపు మొదలు కావాలి. అంతకంటే దూరంలో మొదలైతే చుట్టు తిరిగి ముందే డ్వార్ఫ్ మీదికి వచ్చేస్తుంది. యాడ్, మూవ్, జంప్ అన్నీ మూవ్ 0, 1గా మారిపోతాయి. డ్వార్ఫ్ చావదు, అదీ ఇంప్ అయిపోతుంది. ఇక రెండు ఇంప్‌లూ ఒకే వేగంతో గిరగిరా తిరుగుతూ ఆటకు గడువైన 80,000 చక్రాలు (ఒక్కో ప్రోగ్రాముకు అన్ని వంతులు) పూర్తి చేస్తాయి, ఆట డ్రా. కాబట్టి మీ “నాలుగింట మూడు” లెక్క చక్కగా కుదిరింది. మొదలయ్యే చోటును ఎప్పటికప్పుడు మారుస్తున్నారని కూడా దాన్నిబట్టే తెలుస్తోంది, చాలామంది అది మరచిపోతారు.

తమాషా ఏమిటంటే 8,191లోనూ దాదాపు ఇదే ఫలితం వస్తుంది. తన బాంబు తనకే తగిలే లోపు ఆట ఎటో ఒకవైపు తేలిపోతుంది. ఒంటరిగా నడిపి చూశారు కాబట్టే మీకు తేడా దొరికింది.

పైథాన్ అన్నారు కనుక ఇంకొకటి సరిచూసుకోండి. మూవ్‌ను మామూలు అసైన్‌మెంట్‌తో రాస్తే గడి కాపీ కాదు, రెండు చోట్లా ఒకే ఆబ్జెక్ట్ ఉంటుంది. యాడ్ దాన్ని మార్చినప్పుడల్లా పడ్డ బాంబులన్నీ కలిసి మారతాయి. డ్వార్ఫ్ ఆటలో ఇది బయటపడదు. పెద్ద ప్రోగ్రాములు రాసినప్పుడు మాత్రం రోజంతా తల పట్టుకోవలసి వస్తుంది. మూడు బాంబులు పడ్డాక ఆపి 7, 11, 15 గడులలో రెండో విలువను ప్రింట్ చేయండి. వరుసగా 4, 8, 12 రావాలి. మూడింటిలోనూ 12 కనిపిస్తే మూవ్‌లో కాపీ మాడ్యూల్ వాడండి.