ఐరాస నిపుణుల రిపోర్టును ఫిర్యాదులో ఎలా వాడాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక తండా. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తయి. లైను పగిలితే వారం దాకా బోరింగు నీళ్లే గతి. తాగునీటి హక్కు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల రిపోర్టు మొత్తం ప్రింటు తీసి ఒక ఆఫీసులో ఇచ్చినం. తీసుకుని పక్కన పెట్టిన్రు. ఈ రిపోర్టులు మాలాంటోళ్లకు పనికొస్తయా?

జవాబు: పనికొస్తాయి, అయితే రుజువుగా కాదు, కొలబద్దగా. మీ బోరింగులో ఫ్లోరైడ్ ఎంతుందో జెనీవాలోని ఐరాస నిపుణులకు తెలియదు. అది తేల్చాల్సింది మీరే.

నీళ్లు ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది, అంకె తేడా వస్తుంది. కాసేపు బోరింగు కొట్టి నిలవనీళ్లు పోనిచ్చి, వచ్చే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి నింపండి. తేదీ, సమయం, ఏ బోరింగో చీటీ రాసి అంటించండి. రంగు చూసి చెప్పే కిట్టు అంచనాకే. ఫిర్యాదుకు ల్యాబు కాగితం కావాలి. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నల్లా రాని రోజులు నెలపాటు ఒక నోటుబుక్కులో రాసి, నలుగురితో సంతకాలు పెట్టించండి.

ఇప్పుడు రిపోర్టు. మీ విషయానికి అన్నిటికన్నా గట్టిది 2002లో ఐరాస ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ ఇచ్చిన 15వ సాధారణ వ్యాఖ్య, అంటే నీటి హక్కుపై ఆ కమిటీ వివరణ. ఆ కమిటీలో 18 మంది స్వతంత్ర నిపుణులుంటారు. ఆ వ్యాఖ్య వివరించేది ఆ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను, అందులో భారత్ 1979లోనే చేరింది. ఆ వ్యాఖ్యలో 12వ పేరా ఒక్కటే తీసుకోండి: నీళ్లు సరిపడా, ఆగకుండా రావాలి, ఆరోగ్యానికి హాని చేసే రసాయనాలు ఉండకూడదు, నీటి సమాచారం జనానికి అందాలి. మీ నోటుబుక్కు, ల్యాబు కాగితం, పరీక్షల వివరాల కోసం వేసే ఆర్టీఐ, మూడూ ఈ ఒక్క పేరాకే ముడిపడతాయి. తెలుగు చేసి, కింద ఇంగ్లిష్ మూలం, పేరా నంబరు ఇవ్వండి.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. జరిగినది, పేరా, మీరు అడిగేది, ఎప్పటిలోగా. ‘ఐరాస ఆదేశించింది’ అని మాత్రం రాయకండి. ఆ రిపోర్టులు సలహాలే, ఆదేశాలు కావని ఒక్క మాటతో అర్జీ పక్కకు పోతుంది. ‘జీవించే హక్కును రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చింది, అందులో నీటి హక్కు ఎంతవరకో ఈ పేరా చెబుతోంది’ అని రాయండి. మన చట్టానికి అడ్డురాని అంతర్జాతీయ ఒప్పందాలను హక్కుల అర్థం చెప్పడానికి వాడుకోవచ్చని 1997లో పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన విశాఖ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్తే ఘటన జరిగి ఏడాది దాటకూడదు, తేదీలు అందుకే అంత ముఖ్యం.

మరో పొరపాటు తరచూ జరుగుతోంది. నీటి హక్కులపై ఐరాస నియమించిన అప్పటి స్వతంత్ర నిపుణుడు (ప్రత్యేక ప్రతినిధి) లియో హెల్లర్ 2017 అక్టోబరు 27 నుంచి నవంబరు 10 దాకా భారత్‌లో పర్యటించారు. పర్యటన ముగించి వెళ్లేముందు చేసిన ప్రకటన వేరు, 2018లో ఐరాస మానవ హక్కుల మండలికి ఇచ్చిన తుది నివేదిక వేరు. ఆ ప్రకటనపై ప్రభుత్వం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. అందుకే ఆ ప్రకటన గురించిన పత్రికల కటింగు జతచేయొద్దు, తుది నివేదిక నంబరు ఎ/హెచ్‌ఆర్‌సి/39/55/ఆడ్.1 వేసి పేరా చూపండి.

ప్రశ్న: నేరుగా జెనీవాకే రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ముందు ఇక్కడి కోర్టులన్నీ తిరిగిరావాలన్న షరతూ లేదు. ప్రత్యేక ప్రతినిధి అవసరమనుకుంటే ప్రభుత్వానికి లేఖ రాస్తారు. జవాబుకు సాధారణంగా 60 రోజుల గడువిచ్చి, ఆ తర్వాత లేఖను బయటపెడతారు. దాచమని మీరు కోరకపోతే బాధితుల పేర్లు ప్రభుత్వానికి తెలుస్తాయి. అందుకే ప్రతి ఒక్కరినీ అడిగి, వాళ్ల భాషలో చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పేరు చేర్చండి. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర్లు పోయిన పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు పంపకండి. మోకాళ్ల కిందికి తీసిన ఫొటో, డాక్టరు చీటీ చాలు.