సొరచేప పెరిగిందా, ఎదిగిందా?

సందేహం: గ్రీన్‌లాండ్ సొరచేప గురించి ఒకచోట ‘పెరుగుదల’ అనీ, మరోచోట ‘ఎదుగుదల’ అనీ చదివాను. దాని వయసు 512 ఏళ్లని ‘లెక్కించారు’ అని ఒకరు, ‘అంచనా వేశారు’ అని మరొకరు రాశారు. ఏవి సరైనవి?

సమాధానం: నాలుగూ చక్కటి తెలుగు మాటలే. కానీ ఒకదాని చోట మరొకటి ఒదగదు. ఈ సొరచేప దగ్గర ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పెరగడం కొలతకు సంబంధించిన మాట. ధరలు పెరుగుతాయి, గోళ్లు పెరుగుతాయి, వాగులో నీరు పెరుగుతుంది. ఇవేవీ ఎదగవు. ఎదగడంలో ఈడుకు రావడం కూడా ఉంది. అందుకే ‘ఎదిగీ ఎదగని వయసు’ అంటాం, ‘పెరిగీ పెరగని వయసు’ అనం. ఈ సొర ఏడాదికి ఒక సెంటీమీటరైనా పెరగదు. ఆడసొర పిల్లలను కనే ఈడుకు వచ్చేసరికి సుమారు నాలుగు మీటర్ల పొడవు, నూట యాభై ఏళ్ల వయసు ఉంటాయి. అంటే నూరేళ్ల ఆడసొర పెరుగుతూనే ఉంది, ఇంకా ఎదగలేదు! పొడవు గురించి రాస్తే పెరుగుదల అనండి, ఈడు గురించి రాస్తే ఎదుగుదల అనండి. ‘వృద్ధి’ అన్నా తప్పు లేదు. వృద్ధుడూ ఆ ధాతువు నుంచి వచ్చినవాడే.

ఇక లెక్కించడం. కంటికి విడివిడిగా కనిపించేవాటినే లెక్కిస్తాం. ట్యూనా చేప తలలో చిన్న చెవిరాయి ఉంటుంది. దాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏటేటా ఏర్పడిన గీతలు కనిపిస్తాయి. వాటిని లెక్కిస్తారు. గ్రీన్‌లాండ్ సొర మెత్తటి వెన్నుపూసల్లో అలాంటి గీతలు లేవు. అందుకని 28 ఆడసొరల కంటి కటకాల నడిమి భాగంలో, అంటే పుట్టకముందే ఏర్పడి ఆపైన మారని భాగంలో, రేడియోకార్బన్‌ను, అంటే కాలం గడిచేకొద్దీ తగ్గిపోయే ఒక రకం కార్బన్‌ను, కొలిచారు. 2016లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అన్నిటికన్నా పెద్దదైన 5.02 మీటర్ల సొర వయసు 392 ఏళ్లు, అటూ ఇటూ 120 ఏళ్ల తేడాతో. అంటే 272 నుంచి 512 దాకా ఎంతైనా కావచ్చు. ఆ పై అంకెను పట్టుకుని ‘లెక్కించారు’ అంటే భాషా తప్పుతుంది, శాస్త్రమూ తప్పుతుంది. ఇక్కడ ‘అంచనా’ ఉండి తీరాలి. వేసినా సరే, కట్టినా సరే.

మీరు చదివిన వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘ఈ సొరచేప వయసు 272, 512 ఏళ్ల మధ్య ఉంటుందని అంచనా వేశారు.’